ఆగిన గంటల మీటరు, ఆగని ఇంజన్: పడవల్లో లెక్క ఎక్కడ తప్పుతుంది?

పోయిన ఎండాకాలం నాగార్జునసాగర్ దగ్గర నందికొండ ఒడ్డున ఒక చేపల పడవ బేరం జరుగుతుంటే పక్కనే ఉన్నాను. కొనడానికి వచ్చిన అబ్బాయిది దేవరకొండ దిక్కు. ఇంట్లో ట్రాక్టర్ ఉన్నవాడు కాబట్టి మొదట అదే అడిగాడు. "అన్నా, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది?"

అమ్మే పెద్దాయన ప్యానెల్ మీదున్న గుండ్రటి అద్దాన్ని బొటనవేలితో తుడిచాడు. "మీటర్ల ఉంది గద తమ్మీ, చూస్కో."

అద్దం లోపలివైపు చెమ్మ పట్టింది. వేలితో తుడిస్తే పోయే మసక కాదు. కళ్లు చికిలించి చూస్తే 18405 కనిపించింది. "పద్దెనిమిది వేలా!" అంటూ అబ్బాయి లేచి నిలబడ్డాడు. పెద్దాయనకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ మీటరు పనిచేస్తోందో లేదో కూడా ఆయనకు తెలియదు.

ఈ అయోమయం ఆ ఇద్దరిదే కాదు. సాగర్ లాంచీల దగ్గర, కృష్ణ ఒడ్డున సోమశిల రేవులో, ఊళ్లో ట్రాక్టర్ల దగ్గర, జనరేటర్ల దగ్గర ఇవే ప్రశ్నలు వింటున్నాను. మీటరు ఆగితే కొత్తది బిగిస్తే సరిపోతుందా? బిగిస్తే పాత గంటలు ఏమవుతాయి? మళ్లీ సున్నా నుంచి మొదలుపెడితే మోసం చేసినట్టా? ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

18405 అంటే ఎంత?

ఇంజన్ తిరిగిన గంటలు చూపే ఈ మీటరునే అవర్ మీటరు అంటారు. చాలావాటిలో చివరి గడి రంగు వేరుగా ఉంటుంది. మిగతావి నలుపు మీద తెల్లటి అంకెలైతే, చివరిది ఎరుపు మీదో తెలుపు మీదో ఉంటుంది. అది గంటలో పదో వంతు, అంటే 6 నిమిషాలు. ఆ పడవ రీడింగ్ 1840.5. ఎండకు చివరి గడి ఎర్రరంగు వెలిసిపోయి, అన్నీ ఒకే రంగులో కనబడ్డాయి.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. 1840.5 చూసి 1840 గంటల 50 నిమిషాలు అని రాసుకునేవాళ్లను చూశాను. పాయింట్ ఐదు అంటే అరగంట, అంటే 1840 గంటల 30 నిమిషాలు. 0.2 అంటే 12 నిమిషాలు.

గడులు ఎన్ని ఉన్నాయన్నది కూడా చూడాలి. నాలుగు గడులు, ఒక పాయింట్ గడి ఉన్న మీటరు 9999.9 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. ఏడాదికి 1,500 గంటలు తిరిగే లాంచీకి అది ఆరేళ్ల ఎనిమిది నెలల్లో జరుగుతుంది. కాబట్టి పాత లాంచీలో మీటరు 400 చూపిస్తే అది 400 కావచ్చు, 10,400 కూడా కావచ్చు. మీటరు అబద్ధం చెప్పడం లేదు, దానికి అంతవరకే లెక్క వచ్చు.

మీటరు కొలిచేది ఏమిటి?

అవర్ మీటరు అసలు ఒక గడియారం. దానికి ఇంజన్‌తో నేరుగా సంబంధం లేదు. తనకు కరెంటు అందినంతసేపు తిరుగుతుంది, ఆగితే ఆగుతుంది. లోపల చిన్న క్వార్ట్జ్ గడియారం, దానితో కదిలే పళ్లచక్రాలు ఉంటాయి. డిజిటల్ రకంలో చక్రాల బదులు ఒక చిప్, ఒక తెర ఉంటాయి. పడవల్లో 12 వోల్టుల బ్యాటరీ, పెద్ద లాంచీల్లో 24 వోల్టులు. మార్కెట్లో దొరికే చాలా మీటర్లు రెండింటికీ పనిచేస్తాయి.

పాత ట్రాక్టర్లలో ఉన్నది వేరే జాతి. అక్కడ ఇంజన్ నుంచి ఒక కేబుల్ వచ్చి మీటరును తిప్పుతుంది. అది కాలాన్ని కాదు, చుట్లను లెక్కపెడుతుంది. ఇంజన్ కంపెనీ ఖరారు చేసిన ఒక వేగంలో తిరిగితేనే దానికి గంటకు గంట. ఉదాహరణకు ఆ వేగం నిమిషానికి 2,000 చుట్లు అనుకుందాం. రైతు 1,200 చుట్ల మీద 5 గంటలు నడిపాడు. మొత్తం 3,60,000 చుట్లు. మీటరుకు ఒక గంట అంటే 1,20,000 చుట్లు. కాబట్టి అది 3 గంటలే చూపిస్తుంది. ట్రాక్టర్ అలవాటు ఉన్నవాళ్లు పడవ మీటరు చూసి "ఇది ఎక్కువ తిరుగుతోంది" అనడానికి చాలాసార్లు కారణం ఇదే.

పెట్రోలుతో నడిచే అవుట్‌బోర్డ్ ఇంజన్లకు ఇంకో రకం ఉంది. స్పార్క్ ప్లగ్ వైరు చుట్టూ సన్నటి తీగ నాలుగైదు చుట్లు చుడితే, నిప్పురవ్వ పడినంతసేపు మీటరు నడుస్తుంది. దాని లోపలే చిన్న సెల్ ఉంటుంది. డీజిల్ ఇంజన్‌కు ప్లగ్ ఉండదు కాబట్టి అక్కడ ఇది పనికిరాదు. కొత్త ఇంజన్లలోనైతే గంటల లెక్క ఇంజన్ కంప్యూటర్‌లోనే, అంటే ఈసీయూలో దాచి ఉంటుంది. ప్యానెల్ మీది తెర పోయినా లెక్క పోదు, సర్వీసు వాళ్ల స్కానర్ పెడితే కనబడుతుంది.

కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకుంటే ఏమవుతుంది?

గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. మీటరు తనకు అందిన కరెంటునే నమ్ముతుంది కాబట్టి, ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే దాని నిజాయితీ.

మొదటి పద్ధతి తాళంచెవి. కీ తిప్పగానే కరెంటు వచ్చే తీగకు కలిపేస్తారు. సులువైన పని, పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఇంజన్ ఆపి, మైకు కోసమో లైట్ల కోసమో కీ ఆన్‌లో ఉంచితే మీటరు తిరుగుతూనే ఉంటుంది. నాగార్జునకొండకు తిరిగే లాంచీని ఊహించుకోండి. రోజుకు ఇంజన్ నాలుగున్నర గంటలు తిరుగుతుంది. రేవులో జనం ఎక్కేదాకా కీ ఆన్‌లో ఉండే సమయం గంటన్నర. మీటరు లెక్కలో రోజుకు 6 గంటలు. నెలలో 26 రోజులు నడిస్తే మీటరుకు 156, ఇంజన్‌కు 117. నెలకు 39 గంటలు అదనం. 250 గంటలకు ఆయిల్ మార్చేవాడు నిజానికి 187 గంటలకే మారుస్తున్నాడు. ఇంజన్‌కు నష్టం లేదు, జేబుకు ఉంది. అమ్మేటప్పుడు ఇంకా ఎక్కువ నష్టం, ఎందుకంటే తిరగని గంటలు కూడా ఇంజన్ వయసులో కలిసిపోతాయి.

రెండోది ఆయిల్ ప్రెషర్ స్విచ్. ఇంజన్ తిరిగితేనే ఆయిల్ ఒత్తిడి వస్తుంది, ఒత్తిడి వస్తేనే స్విచ్ కలుస్తుంది, కలిస్తేనే మీటరు నడుస్తుంది. చక్కటి ఏర్పాటు. కానీ ఒక మెలిక ఉంది. ఇంజన్‌కు ముందే ఉండే ఆయిల్ స్విచ్ ఎర్ర లైటు కోసం పెట్టినది, అది తలకిందులుగా పనిచేస్తుంది. ఒత్తిడి లేనప్పుడు కలిసి ఉండి లైటు వెలిగిస్తుంది, ఒత్తిడి రాగానే విడిపోతుంది. అవర్ మీటరును తెలియక ఆ స్విచ్‌కే కలిపితే, ఇంజన్ ఆగి కీ ఆన్‌లో ఉన్నప్పుడు మీటరు తిరిగి, ఇంజన్ మొదలవగానే ఆగిపోతుంది. "కొత్త మీటరు కూడా పాడే" అని షాపుకు తిరిగి తెచ్చినవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు. దీనికి ఒత్తిడి వస్తే కలిసే రకం స్విచ్ వేరుగా కావాలి, లేదా రెండు పనులూ చేసే రెండు టెర్మినళ్ల స్విచ్ ఉండాలి.

మూడోది డైనమో, అంటే ఆల్టర్నేటర్. ఛార్జింగ్ లైటుకు వెళ్లే టెర్మినల్‌లో ఇంజన్ తిరుగుతున్నప్పుడే 14 వోల్టుల దాకా ఉంటుంది. ఇంజన్ ఆగి కీ మాత్రమే ఆన్‌లో ఉంటే ఒకటి రెండు వోల్టులకు మించదు, మీటరు కదలడానికి అది చాలదు. అదనంగా ఏ స్విచ్చూ అక్కర్లేదు.

ఏది మంచిదన్న దాని మీద మెకానిక్‌లలో ఏకాభిప్రాయం లేదు, రెండు వాదాల్లోనూ పస ఉంది. అరిగిన ఇంజన్ వేడెక్కి స్లోలో, అంటే పడవను లాగకుండా మెల్లగా తిరుగుతూ, ఉన్నప్పుడు ఆయిల్ ఒత్తిడి స్విచ్ హద్దు కన్నా పడిపోవచ్చు, ఆ సేపు గంటలు ఎక్కవు. డైనమో బెల్టు తెగినా, లోపల డయోడ్లు పోయినా డైనమో తీగ మీది లెక్క ఆగిపోతుంది. కానీ బెల్టు తెగితే ఛార్జింగ్ లైటు వెలిగి డ్రైవర్‌కు తెలుస్తుంది. స్లోలో ఒత్తిడి తగ్గి మీటరు ఆగి ఆగి నడవడం ఎవరి కంటా పడదు. అందుకే చిన్న పడవకు డైనమో తీగే మేలనిపిస్తుంది నాకు. గంటలకొద్దీ స్లోలో నిలబడని లాంచీలకు ఆయిల్ స్విచ్ కూడా తక్కువేమీ కాదు.

ట్రాక్టర్ పని పడవకు ఎందుకు సరిపోదు?

ఈ చుట్టుపక్కల పడవకు కరెంటు పని పడితే ఎక్కువగా పిలిచేది ట్రాక్టర్ ఎలక్ట్రీషియన్‌నే. చేతి పనిలో లోటుండదు. కానీ ట్రాక్టర్‌కు ఒంటినిండా ఇనుమే. మీటరు ఎర్త్ తీగను పక్కనున్న ఏ బోల్టుకు బిగించినా బ్యాటరీ నెగెటివ్‌కు దారి దొరుకుతుంది. ఫైబర్ పడవలో, చెక్క పడవలో ఆ దారి లేదు. బోల్టు ఫైబర్‌లోకి దిగి అక్కడే ఆగిపోతుంది. ఎర్త్ కోసం మరో తీగ బ్యాటరీ నెగెటివ్ దాకా వేయాల్సిందే. ఇనుప లాంచీ అయితే దారి ఉంటుంది గానీ వాడకూడదు. పడవ ఒంటిని ఎర్త్‌గా వాడితే దారి తప్పిన కరెంటు నీళ్లలో మునిగి ఉన్న ఇనుమును తినేస్తుంది.

కృష్ణ నీళ్లు మంచినీళ్లే కాబట్టి సముద్రపు పడవలకు పట్టినంత తుప్పు పట్టదు. మనకు శత్రువులు వేరు: అదురు, ఎండ, పడవ అడుగున ఎప్పుడూ నిలిచే నీటి ఆవిరి. పగటి ఎండకు కాగిన మీటరు మీద సాయంత్రం నీళ్లు చిలికితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, అంచు రబ్బరు సందుల్లోంచి చెమ్మను లాక్కుంటుంది. అద్దం లోపలి మసక అలా వచ్చిందే. డిజిటల్ తెరలైతే అదే ఎండకు నల్లబడతాయి.

మీటరు చెడిందా, తీగ చెడిందా?

ఆగిన ప్రతి మీటరూ పాడైనది కాదు. 12 వోల్టుల పడవలో, ఇంజన్ నడుస్తుండగా వోల్టులు కొలిచే మల్టీమీటరు పెడితే అవర్ మీటరు వెనక రెండు టెర్మినళ్ల మధ్య 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య కనబడుతూ, అంకె మాత్రం కదలకపోతే దోషం మీటరుదే. సున్నా కనబడితే ఫ్యూజు, స్విచ్, తీగ, ఎర్త్, వీటిలో ఎక్కడో తెగింది. సగం వోల్టులు కనబడితే జాయింటు పాడు.

ఒక చిక్కు ఉంది. మల్టీమీటరు దాదాపు కరెంటే తాగదు. పోగులన్నీ తుప్పు పట్టి ఒక్క పోగు మీద వేలాడుతున్న తీగలో కూడా నిండు వోల్టులు చూపిస్తుంది. అదే చోట చిన్న బల్బున్న టెస్ట్ ల్యాంపు పెడితే మిణుకుమంటుంది. కాబట్టే పాత ఎలక్ట్రీషియన్లు మల్టీమీటరు జేబులో ఉన్నా బల్బు వైరు వదలరు.

నడుస్తుందో లేదో తెలియాలన్నా ఓపిక కావాలి. క్వార్ట్జ్ రకంలో అద్దం లోపల ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది, డిజిటల్‌లో ఇసుక గడియారం బొమ్మ మిణుకుతుంది. అవి లేకపోతే చివరి అంకె మారడానికి 6 నిమిషాలు చూడాలి. రెండు నిమిషాలు చూసి చెడిందని తేల్చేసిన మీటర్లు బాగానే ఉంటాయి. సెల్‌ఫోన్‌లో గంట చూస్తే పది పాయింట్లు జరగాలి, తొమ్మిదో పదకొండో జరిగితే అప్పుడు అనుమానించాలి.

మీటరే పోయిందని తేలితే బాగుచేయడం అరుదు. చుట్టూ సీలు వేసి ఉంటుంది, విప్పితే మళ్లీ చెమ్మ ఆగదు. ప్యానెల్ మీది రంధ్రం సాధారణంగా 52 మిల్లీమీటర్లది, ఆ కొలతలో కొత్తది తేలిగ్గానే దొరుకుతుంది.

ఆగిన రోజుల గంటలు ఎలా తెలుస్తాయి?

అందరూ మరిచిపోయేది దీన్నే. మీటరు ఆగిన రోజుకూ కొత్తది బిగించిన రోజుకూ మధ్య ఇంజన్ తిరిగింది. ఆ గంటలు ఎక్కడా లేవు.

నందికొండ పెద్దాయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఆయిల్ మరకలతో పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. డీజిల్ కొన్నప్పుడల్లా లీటర్లు, తోచినప్పుడు మీటరు రీడింగ్ రాసుకున్నాడు. ఒకచోట 1822, తర్వాత 1840, ఆ తర్వాత రెండుసార్లు మళ్లీ 1840. అంటే 1840.5 దగ్గర ఎప్పుడో ఆగిపోయింది, కచ్చితంగా ఎప్పుడో తెలియదు. కాబట్టి లెక్క 1840.5 నుంచి కాకుండా, అనుమానం లేని చివరి రీడింగ్ 1822 నుంచి మొదలుపెట్టాం.

అంతకుముందు 400 గంటల్లో పట్టిన డీజిల్ 1,200 లీటర్లు. గంటకు 3 లీటర్లు. 1822 రాసిన రోజు నుంచి పట్టిన డీజిల్ 340 లీటర్లు. 340ని 3తో భాగిస్తే దాదాపు 113. అంటే ఇంజన్ నిజంగా తిరిగింది సుమారు 1,935 గంటలు.

దీని విలువ ఆయిల్ దగ్గర తెలిసింది. చివరిసారి ఆయిల్ మార్చింది 1690 దగ్గర, 250 గంటలకోసారి అనుకుంటే మళ్లీ 1940కి. ఆగిన మీటరును నమ్మితే ఇంకా 99 గంటలు ఉంది. లెక్క ప్రకారం 5 గంటలే. పైగా డీజిల్ లెక్కలో పదోవంతు తేడా రావడం మామూలే. గాలికి ఎదురు నడిపినా, బరువైన వలలు లాగినా ఎక్కువ తాగుతుంది. గంటకు 2.7 లీటర్లు అనుకుంటే 1,948, 3.3 అనుకుంటే 1,925. అంటే ఆయిల్ గడువు ఇప్పటికే దాటిపోయి ఉండవచ్చు.

సున్నా నుంచా, పాత అంకె నుంచా?

కొన్ని డిజిటల్ మీటర్లలో మొదటి అంకెను మనమే పెట్టుకోవచ్చు. అందుకని ఒక వాదం: 1935 పెట్టేస్తే అద్దం చూడగానే అసలు వయసు తెలుస్తుంది, కూడికలు తీసివేతలు అక్కర్లేదు, డ్రైవర్ మారినా పొరపడడు. రోజూ నడిపేవాడికి ఇదే సుఖం.

రెండో వాదం కొనేవాడిది. 1935 అని పెట్టగలిగినవాడు 935 అని కూడా పెట్టగలడు. సున్నా నుంచి మొదలైన మీటరు పక్కన "పాత మీటరు 1840.5 దగ్గర ఆగింది, అంచనా 1,935, మార్చిన తేదీ ఇది" అని చీటీ ఉంటే ఏది కొలిచినదో, ఏది అంచనానో విడివిడిగా కనబడుతుంది. కొత్తది 212 చూపించిన రోజు మొత్తం 2,147. కూడిక ఒక్కటే, దాచిందేమీ లేదు.

సున్నా నుంచి మొదలుపెట్టడం మోసం కాదు. ఆ సంగతి చెప్పకుండా, తక్కువ తిరిగిందని నమ్మించి అమ్మడమే మోసం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసం 318వ సెక్షన్ కిందికి వస్తుంది. నా మటుకు చీటీతో సున్నా వైపే మొగ్గు, పాత మీటరును కూడా పారేయకుండా ఇంజన్ కాగితాలతో ఉంచితే మరీ మంచిది. ఈసీయూ ఉన్న ఇంజన్లకు ఈ చర్చ అవసరమే లేదు, కానీ ఈసీయూనే మార్చాల్సి వస్తే పాత గంటలు కొత్తదాంట్లోకి ఎక్కించారో లేదో అడిగి రాయించుకోవాలి.

తక్కువ గంటలంటే మంచి ఇంజనేనా?

ట్రాక్టర్ బేరాల్లో తక్కువ గంటలకు ఎక్కువ ధర. పడవకు ఆ సూత్రం సగమే వర్తిస్తుంది. వరదకు సాగర్, శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడూ, ఎండాకాలం నీళ్లు తగ్గి సోమశిల అవతల సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడూ పడవలు కొన్నాళ్లు కదలవు. నెలల తరబడి ఒడ్డున ఉన్న ఇంజన్‌లో రబ్బరు సీళ్లు ఎండుతాయి, ట్యాంకులో ఆవిరి నీరై డీజిల్‌లో కలుస్తుంది. రెండేళ్లలో 300 గంటలు తిరిగిన పడవ కన్నా, వారం వారం నడిచి 900 గంటలు తిరిగి వేళకు ఆయిల్ మారిన పడవ మెరుగ్గా ఉండడం వింత కాదు.

గంటలన్నీ ఒకటి కావు కూడా. రేవులో స్లోలో నిలబడిన గంట, ఎదురుగాలిలో నిండు జనంతో నడిచిన గంట మీటరుకు సమానమే. అందుకే కొందరు అసలు గంటలు వద్దు, డీజిల్ లీటర్లే లెక్క అంటారు. ఇంజన్ పడ్డ శ్రమకు డీజిల్ దగ్గరి కొలత, నిజమే. కానీ ఆయిల్ పాతబడేది శ్రమతోనే కాదు, కాలంతో కూడా. స్లోలో ఎక్కువసేపు నడిచిన డీజిల్ ఇంజన్‌లో సరిగా కాలని మసి ఆయిల్‌లోకి దిగుతుంది. తయారీదారులు సర్వీసు గడువును గంటల్లోనూ నెలల్లోనూ చెప్పి, ఏది ముందైతే అది అనడానికి కారణం ఇదే.

ఆ సాయంత్రం పెద్దాయన నోటుబుక్కును అబ్బాయి అటూ ఇటూ తిప్పి చూశాడు. లెక్క తన ఫోన్లో మళ్లీ చేసుకున్నాడు. "గీ పుస్తకం కూడా ఇస్తవా అన్నా?" అని అడిగాడు. ఆయిల్ మార్చి, కొత్త మీటరు బిగించి ఇచ్చేటట్టు బేరం కుదిరింది. మీటరు ఎర్త్ తీగను బోల్టుకు కాకుండా బ్యాటరీ దాకా లాగారు. ప్యానెల్ మీద 0000.0 పక్కన చీటీ అంటించి, తడవకుండా పైన టేపు వేశారు. 1,935 అన్న అంకె కింద "అంచనా" అనే మాటను అబ్బాయే పెన్నుతో రాశాడు.